స్టార్ట్ కాకూడని కారు

ఆ పొద్దున ఫిల్మ్ నగర్‌లో మేం పోగొట్టుకున్నవి: ముప్పావుగంట, సగం తాగిన రెండు టీలు, మా ఆవిడ ఓపిక. రాజమండ్రి నుంచి మరదలి గృహప్రవేశానికి వచ్చాం. పాలు పొంగేలోగా వెంగళరావు నగర్ చేరాలి. టీ కోసం ఆపిన కారు మళ్లీ కదలనంది. తాళం తిప్పితే టక్కుమనడం తప్ప ఏమీ లేదు. లైట్లు బాగానే వెలుగుతున్నాయి కనుక బ్యాటరీ కాదు, సెల్ఫ్ మోటారే. బుద్ధి పుడితే తిరుగుతుంది, లేకపోతే లేదు.

మా వైపు శుభకార్యానికి వెళ్తూ బండి ఆగితే అపశకునం. ఇక్కడ దానికే గిరాకీ! పక్కన షూటింగ్ చేస్తున్న యూనిట్ మేనేజర్ పరుగున వచ్చాడు.

"అన్నా, జర నీ కారియ్యి. హీరో తాళం తిప్పితే బండి స్టార్ట్ కావద్దు. యాక్టింగ్ వద్దు, నిజంగనే మొండికెయ్యాలంటుండు మా డైరెక్టర్. షాట్ అయినంక మావోళ్లే తోస్తరు."

హీరో ఎక్కి తాళం తిప్పాడు. కారు ఒక్క దెబ్బకు స్టార్టయింది.

"కట్! ఆపేసి మళ్లీ తిప్పండి" అన్నాడు డైరెక్టర్.

"ఆపకు నాయనా!" మా ఆవిడ హీరో చెయ్యి పట్టుకుంది. "అక్కడ మా చెల్లి పాలు పొయ్యి మీద పెట్టేసుంటుంది. దిగు, దిగు!"

హీరో నవ్వుతూ దిగాడు. మేనేజర్ వెనక నుంచి కేకేశాడు: "గిట్ల పోతే ఎట్లనే అన్నా!"

మేం చేరేసరికి పాలు పొంగుతున్నాయి. ఆ యూనిట్‌కు ఇవాళ్టికీ ఒక టేకు బాకీ.