అక్క మొక్కని ఒక్కపొద్దులు

అందరూ బాగున్నారా? మోకాళ్ల నొప్పుల అక్కలు, దగ్గు తగ్గని అన్నలు, పథ్యం లెక్కచెయ్యని చక్కెరజబ్బు వాళ్లు, పురిటికి పుట్టింటికి వచ్చిన బిడ్డలు, అందరూ కులాసానే అనుకుంటాను. అనుకోవడమే గానీ నమ్మకం లేదు. నాకు దిగులు పుట్టుకతోనే వచ్చింది. ఈసారి దిగులు నిజమే అయింది. నగరిలో మా పక్కింటి అక్క మొన్న శుక్రవారం కన్నుమూసింది.

తోడబుట్టింది కాదు. వాళ్ల మగ్గం చప్పుడు మా వంటింట్లోకి వినబడేది, అంతే బంధుత్వం. నేను ఏదైనా భయం చెప్పుకుంటే, నూలు కండెలు చుడుతూనే, "పోగు తెగితే ముడేసుకుంటాం గానీ మగ్గం ఇరగ్గొట్టుకుంటామా మే?" అనేది. చూపు మసకబారి కండెలు చుట్టలేకపోయాక ఆమెకు ఉన్నట్టుండి భక్తి పెరిగింది. పెరిగిందని కోడలు చెప్పింది.

"మా అత్తకు ఈ పొద్దు ఒక్కపొద్దు సిన్నమ్మా" అనేది. మొదట శనివారం. తర్వాత సోమవారం, గురువారం కూడా. ఏడుకొండలవాడి నీడలో బతికేవాళ్లం, ఉపవాసమంటే చేతులు జోడిస్తాం. నేనైతే ఆమె చిక్కిపోవడం చూసి, ఎంత నిష్ఠ అని కాళ్లకు మొక్కాను. థూ, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక గురువారం కోడలు నీళ్లకు పోయినప్పుడు, గుడిలో కొట్టిన కొబ్బరి చిప్ప పట్టుకుని లోపలికి పోయాను. అక్క పెంకుకు అంటిన కొబ్బరిని కూడా గోళ్లతో గీకి తింది.

"ఒక్కపొద్దు గదా అక్కా?"

"మొక్కింది నా కోడలు మే. పస్తుండేది నేను."

ఇంటి పత్రం మీద వేలిముద్ర వెయ్యనన్నందుకు కొడుకు మెలిపెట్టిన మణికట్టు కూడా చూపించింది. కమిలి ఉంది.

మా వీధిలో ఒకాయన పుత్తూరు కోర్టులో వకీలు గుమాస్తా. కొడుకు కూడు పెట్టకపోతే తల్లి మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవచ్చని, దానికి చట్టం ఉందని ఆయనే చెప్పాడు. నలుగురూ ఏమంటారో అని నేను వణికాను, కేసు నాదైనట్టు.

"ఆ నలుగురే గదా నా పస్తుకు దండం పెట్టింది? పోదాం పా" అంది అక్క.

కోర్టులో ఆ పుణ్యాత్ముడు చేతులు కట్టుకుని, "మా యమ్మకు బక్తి ఎక్కువ సామీ. పెట్టినా తినదు" అన్నాడు.

అక్క మేజిస్ట్రేటు వైపు తిరిగింది. "అయ్యా, ఈడనే ఇంత అన్నం పెట్టించి సూడు."

జనం నవ్వారు. వెంటనే నోళ్లు మూసుకున్నారు.

తిండికి నెలనెలా ఇమ్మని తీర్పు వచ్చింది. ఇల్లు ఆమె పేరే గనక ముందుగదిలో వేరే పొయ్యి పెట్టుకుంది. మూడేళ్లు తన సంకటి తానే కెలుక్కుంది. శనివారం కూడా రెండు పూటలా తినేది, వీధికంతా కనబడేట్టు వాకిట్లో కూర్చుని.

ఇప్పుడా కొడుకు నల్లంచు కార్డులు వేయించాడు, 'పరమ భక్తురాలు' అని. సోమవారం పెద్దదినానికి ఊరందరికీ పాయసమట. బతికుండగా గంజి పొయ్యని చెయ్యి చచ్చాక ఎన్ని ఆకులు పరుస్తుందో చూడండి! ఆ ఆకు ముందు నేను కూర్చోను.

ఏర్పేడులో మా చెల్లెలి వీధిలో ఒక ముసలాయన మూడు వారాలుగా గడప దాటలేదట. "మా నాయనకు మనుషులంటే సరిపడదు" అంటున్నాడట కొడుకు. గుమాస్తా నాతో వస్తానన్నాడు. రేణిగుంటలో బస్సు మారాలి, దొరుకుతుందో లేదో. ఆ కొడుకు మా మీదికి కుక్కను వదులుతాడేమో. అయినా తలుపు తీసేదాకా ఆ అరుగు మీద నుంచి లేవకూడదని అనుకున్నాం. సోమవారం, పొద్దున మొదటి బస్సుకు.