జాలి అక్కర్లేని జిప్పులావిడ

“మీ ఆయన సంపాదన చాలట్లేదా అమ్మా?”

మెట్ల మీద, పదిమంది వినేలా, అపార్ట్‌మెంటు సంఘం ప్రెసిడెంటుగారు రెండో అంతస్తు ఆవిడని అడిగిన ప్రశ్న అది. ఆమె చేతిలో ఎవరిదో పాత సూట్‌కేసు ఉంది.

“ఆయన సంపాదన ఆయనకి చాలుతోంది బాబాయిగారూ. నాది నాకు కావాలి,” అని పైకెళ్లిపోయింది. మర్యాద తప్పిందని ఆ మెట్ల మీదే తీర్మానమైపోయింది. ఎవరిది తప్పిందో మాత్రం ఎవరూ తేల్చలేదు.

అందరూ ఆమెను జిప్పులావిడ అంటారు. రెండో అంతస్తులోని సొంత ఫ్లాట్‌లో, కిటికీ పక్కన బరువైన కుట్టుమిషన్ పెట్టుకుని బ్యాగులకు జిప్పులు బాగుచేస్తుంది. బ్యాగు రాగానే ముందు జిప్పు మీద జరిగే రన్నర్‌ను పట్టకారుతో నొక్కి చూస్తుంది. చాలాసార్లు అక్కడితోనే పని అయిపోతుంది. “నొక్కినందుకే ఇంతా?” అని ఎవరైనా సణిగితే, “పోనీ మీరే పళ్లతో లాక్కోండి, ఊరికే అయిపోతుంది,” అంటుంది.

ఆమె పనిలో సగానికి చప్పుడే ఉండదు, బ్లేడుతో పాత కుట్లు విప్పడమే కదా. మిగతా సగం దడదడ. అది సరిగ్గా కింది ఇంటి ప్రెసిడెంటుగారి నెత్తిన పడేది. అబద్ధమెందుకు, పడేది. అందుకే మిషన్ కాళ్ల కింద టైరు ముక్కలు పెట్టింది, ఆయన కునుకు తీసే వేళకి కుట్టడం ఆపేసింది. అయినా తగువు ఆగలేదు. నివాసాల మధ్య వ్యాపారం కూడదన్న రూలు బయటికొచ్చింది. నెలాఖరుకల్లా మిషన్ ఇంట్లోంచి కదలాలన్నారు. కదిలితే కొట్టు అద్దెకు తీసుకోవాలి. వచ్చినదంతా అద్దె మింగేస్తే ఆమెకు మిగిలేది నడుంనొప్పి. అంటే పని మానుకోవడమే.

పార్కింగులో కుర్చీలు వేసి మీటింగు పెట్టారు.

“నిన్న మధ్యాహ్నం కూడా ఒకటే దడదడ! కన్ను మూతపడితే ఒట్టు,” అన్నారు ప్రెసిడెంటుగారు.

“నిన్నా?”

“నిన్నా, మొన్నా!”

“నా మిషన్ వారం నుంచి మెకానిక్ దగ్గర పడుంది బాబాయిగారూ. అక్కణ్ణుంచి కూడా వినపడుతోందా?”

వెనక కుర్చీలోంచి ఆయన భార్య మెల్లగా అంది: “అది మన వాషింగ్ మెషినండీ. ఒక కాలు ఎత్తుగా ఉంది, సరిచేయించమని చెప్తూనే ఉన్నాగా.”

నవ్వు ఆపుకున్నవాళ్లు తక్కువ.

తప్పు బయటపడితే మనిషి తగ్గుతాడన్నది పిల్లలకు చెప్పే నీతి. “చప్పుడు సంగతి వదిలేద్దాం. రూలు రూలే,” అన్నారాయన. తర్వాత గొంతులో కాస్త తేనె కలిపారు. “ఇల్లు గడవక చేస్తున్నానని రేపటికల్లా ఒక కాగితం రాసివ్వమ్మా. మానవత్వంతో చూసీచూడనట్టు పోతాం.”

అసలు విషయం ఇదీ. దిక్కులేని ఆడది మిషన్ తొక్కితే అందరికీ దయ పొంగుకొస్తుంది. తిండికి లోటు లేని ఆడది తొక్కితే అదే మిషన్‌కు చప్పుడెక్కువ.

ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా అయిన ఆమె భర్త తగువులకు ఆమడ దూరం. “పోనీ రాసిచ్చేద్దాం. ఒక్క కాగితమేగా,” అన్నాడు ఇంటికొచ్చాక.

“సరే, మీరే రాయండి. మీ జీతంతో ఇల్లు గడవట్లేదని.”

ఆయన పెన్ను మూత తీశాడు. కాసేపు చూసి, మళ్లీ పెట్టేశాడు.

మర్నాడు ఆమె ప్రెసిడెంటుగారి తలుపు తట్టింది. “నేను కష్టాల్లో ఉండి కుట్టట్లేదు బాబాయిగారూ. పని వచ్చు, జనం వస్తున్నారు, డబ్బొస్తోంది. నాకు బాగుంది. కావాలంటే ఇది రాసిస్తాను.”

అది ఎవరికీ అక్కర్లేకపోయింది. మిషన్ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నెలనెలా జరిమానా కట్టాలని సంఘం తీర్మానించింది.

ఆ సాయంత్రమే, అందరూ కింద కబుర్లు చెప్పుకుంటున్న వేళ, మిషన్ మెకానిక్ దగ్గర్నుంచి తిరిగొచ్చింది. ఇద్దరు మనుషులు మోస్తుంటే ఆమె ముందు నడిచింది. “జరగండి, జరగండి, బరువు!” అంది. జరిగారు. మర్నాడు బాల్కనీకి బోర్డు కూడా కట్టింది: జిప్పులు బాగుచేయబడును.

ఏడాది దాటింది. మిషన్ కిటికీ పక్కనే ఉంది. జరిమానా నెలకు ఐదు వందలు. ఇంతవరకు ఒక్క నెలదీ కట్టలేదు.