మా అత్తగారి కౌంటరు, నా గురి

మా పేటలో నన్ను 'బా బన్‌షాన్' అంటారు. బా అంటే అన్న. ఆ మర్యాద నాకు కాదు, మా అత్తగారికి. మా ఖాసీల్లో మగవాడు పెళ్ళయ్యాక భార్య ఇంటికి వెళ్ళి ఉంటాడు. నేను వెళ్ళింది మా అత్తగారు కాంగ్ సిల్బోన్ ఇంటికి. కాంగ్ అంటే అక్క; నేను మాత్రం ఆవిణ్ణి మెయ్, అంటే అమ్మ, అని పిలవాలి. నా వెంట తీసుకెళ్ళిన ఆస్తి ఒక వెదురు విల్లు. దాన్ని తలుపు వెనక పెట్టమన్నారు. నన్నూ ఇంచుమించు అక్కడే పెట్టారు.

నా వృత్తి బాణాలు వెయ్యడం. షిల్లాంగ్‌లో రోజూ సాయంత్రం క్లబ్బుల విలుకాళ్ళందరం మైదానంలో గొంతుక్కూర్చుని, కర్రకి కట్టిన గడ్డి మోపు మీద బాణాలు వేస్తాం. గుచ్చుకున్న బాణాల్ని జనం ఎదురుగా లెక్కపెడతారు. ఆ లెక్కలో చివరి రెండంకెలు ఏవో చెప్పగలమని ఊరంతా పొద్దున్నే పందెం కాస్తుంది. ఈ ఆట పేరు తీర్. నా బాణం తగిలినా ఏదో ఒక అంకె వస్తుంది, తగలకపోయినా ఏదో ఒక అంకె వస్తుంది. గురి తప్పినా కూలి కోయని పని ఇదొక్కటే కాబట్టి దేవుడు నన్ను చూసే దీన్ని పుట్టించి ఉంటాడు. ఎందుకంటే నాకో జబ్బుంది. కొట్టి తీరాలనుకున్న బాణం ఎటో పోతుంది. పోతే పోయిందిలే అనుకున్నది వెళ్ళి మోపు నడిమధ్యన గుచ్చుకుంటుంది.

మా అత్తగారి వృత్తి ఆ పందేలు రాసుకోవడం. వాటికి అనుమతిచ్చే చట్టం రాకముందు చాలా ఏళ్ళు చాటుగా రాసింది. పైకి అన్నం కొట్టు. పందిమాంసంతో వండిన జాదో అమ్మేది. లోపల చీటీలు. పోలీసులు వస్తున్నారని తెలిస్తే చీటీలు గిన్నె అడుక్కి వెళ్ళేవి. ఓసారి పొద్దున తన దగ్గర పందెం కాసిన పోలీసే సాయంత్రం వచ్చి, బజారంతా చూస్తుండగా ఆవిణ్ణి స్టేషన్‌కి నడిపించుకు వెళ్ళాడు. ఆ నడక ఆవిడ మరిచిపోలేదు. రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి, పన్ను కట్టి లైసెన్సు తీసుకున్నవాళ్ళు బాహాటంగా రాసుకోవచ్చు అన్న వెంటనే, వరసలో అందరికంటే ముందు నిలబడింది. లైసెన్సుకి అద్దం కట్టించి ఏసుప్రభువు పటం పక్కన వేలాడదీసింది. ప్రార్థన చేసేటప్పుడు ఆవిడ చూపు ఏ పటం మీద ఉండేదో నేను చెప్పను.

ఆకుపచ్చ రంగు వేసిన చెక్క కౌంటరులో కూర్చుని, దారిన పోయే ప్రతి పోలీసునీ గొంతెత్తి పలకరించేది. "ఏం బా, బాగున్నారా? రండి, వక్క వేసుకోండి!" వాళ్ళు తల దించుకుని పోతుంటే ఆవిడ ముఖం చూడాలి.

లైసెన్సు వచ్చాక ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టింది. మా వాళ్ళకి కల వస్తే అది అంకె కిందే లెక్క. చేపకి ఒకటి, మనిషికి ఒకటి, పామైతే ఇంకోటి. పొద్దున్నే టీ కొట్టులో కలలు చెప్పుకుని అంకెలు తేల్చుకుంటారు. మా అత్తగారు మాత్రం నాతో, "విలుకాడి కల గుమ్మం దాటకూడదు. నువ్వు కన్నావని జనం కాస్తే, నువ్వే కొట్టించావంటారు. నా కౌంటరు మూయిస్తావు" అంది. నేను చాలాకాలం నోరు మూసుకున్నాను. నాకు గొప్ప కలలేవీ రాకపోవడం అందుకు బాగా సాయపడింది.

ఒకరోజు వచ్చింది. మా ఇంట్లో ఒక పంది మా అత్తగారి శాలువా కప్పుకుని, మా అత్తగారి కుర్చీలో కూర్చుని, నన్ను తలుపు వెనక్కి పొమ్మంటోంది. ఇలాంటి కల కడుపులో దాచుకోవడం నావంటి అల్పుడి వల్ల అవుతుందా? టీ కొట్టులో సాటి విలుకాడు స్టార్‌వెల్‌కి చెప్పాను. వాడు పడీపడీ నవ్వి, బల్ల మీద కొట్టి అందరికీ వినబడేలా, "పందికి ఏడు, కుర్చీకి నాలుగు! డెబ్భై నాలుగు!" అన్నాడు.

మధ్యాహ్నానికి పేట పేటంతా డెబ్భై నాలుగు మీదే కాసింది. అందరూ మా అత్తగారి దగ్గరే రాయించారు. ఎందుకని ఆవిడ అడిగితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు తప్ప ఎవరూ చెప్పలేదు. లైసెన్సు ఉన్నవాళ్ళు వచ్చినవాళ్ళకి రాయాలి కనక రాసింది.

సాయంత్రం మైదానంలో పేట జనమంతా నా వెనక చేరారు. "అన్నా, నీదే భారం" అని ఒకరు, "చూసి వెయ్యి బా" అని ఒకరు. ఏం చూసి వెయ్యను? అంతమంది వేసే బాణాల్లో నాది తగిలితే డెబ్భై నాలుగు వస్తుందో, తప్పితే వస్తుందో ఎవడికి తెలుసు? కళ్ళు మూసుకున్నంత పనిచేసి వేశాను. లెక్కపెట్టారు. డెబ్భై నాలుగు వచ్చింది.

జనం కేకలు సగంలోనే ఆగిపోయాయి. లెక్క చూడ్డానికి మైదానానికి వచ్చిన మా అత్తగారి ఎదురుగా పందెం పన్నుల ఇన్‌స్పెక్టరు నొంగ్రుమ్ నిలబడి ఉన్నాడు.

"కాంగ్, ఊళ్ళో ఏ కౌంటరులోనూ లేని డెబ్భై నాలుగు మీ దగ్గరే ఇంతమంది ఎందుకు రాయించారు? మీ అల్లుడు విలుకాడట. చెల్లింపులు ఆపండి. రేపు కౌంటరుకి సీలు వేస్తాం. లైసెన్సు పట్టుకుని మా ఆఫీసుకి రండి."

ఆవిడ ముఖం పాలిపోయింది. బజారు మధ్య నుంచి మళ్ళీ అదే నడక నడవాలి. నా వైపు తిరిగి, "ఏం కలగన్నావు?" అంది.

చెప్పాను. ఏం చెయ్యను, పంది దగ్గర్నుంచి శాలువా దాకా చెప్పాను. ఇన్‌స్పెక్టరు పెదవి బిగబట్టుకున్నాడు. "శాలువా కప్పుకున్న పందికి ఏడు కాదే..." అని గొణిగి, తన ఉద్యోగం గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు.

మా అత్తగారు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "బా, వీడు అంకె కొట్టించాడంటున్నారు. వీడికి బాణాలివ్వండి. మీరు కొట్టమంటే కొట్టాలి, తప్పించమంటే తప్పించాలి. మీరు చెప్పినట్టు చేశాడా, లైసెన్సు నేనే తెచ్చి మీ చేతిలో పెడతాను."

జనం గోల పెట్టారు. నా చేతిలో గుప్పెడు బాణాలు పెట్టారు.

"కొట్టు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అది మోపు పక్కన పొదలో పడింది.

"తప్పించు." నడిమధ్యన గుచ్చుకుంది.

"కొట్టు." ఒక కుక్క కుయ్యోమని పరిగెత్తింది. దానికి తగల్లేదు, భయపడిందంతే. నా పెళ్ళాం ఫిదాలియా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. మైదానమంతా నేలమీద దొర్లుతోంది. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి.

"ఇంకొక్కటి" అన్నాడు ఇన్‌స్పెక్టరు, నవ్వు ఆపుకుంటూనే. "కొట్టు. ఇది తగిలిందంటే మాత్రం ఇందాకటిదంతా నాటకమే అనుకుంటాను."

విల్లు ఎత్తాను. అప్పుడు జరిగింది నాకు అంతకు ముందెప్పుడూ జరగలేదు. మోపు దగ్గరగా, పెద్దగా కనిపించింది. ఇది తగులుతుందని నాకు ఖాయంగా తెలిసిపోయింది. ఊరంతా చూస్తుండగా, నా పెళ్ళాం చూస్తుండగా, ఒక్కసారి కొట్టమంటే కొట్టగల మగాడిని అయ్యే అవకాశం. ఎంత కోరికగా ఉందో చెప్పలేను.

వదిలాను. తప్పింది.

ఇన్‌స్పెక్టరు కళ్ళు తుడుచుకుని, "చెల్లింపులు చెయ్యండి కాంగ్. వీడు అంకె కొట్టించడం కాదు, వీడి వల్ల ఏ అంకైనా వచ్చిందంటేనే ఆశ్చర్యం" అని వెళ్ళిపోయాడు. పేట జనం నన్ను భుజాల మీదికెత్తుకుని బజారంతా తిప్పారు, చేతగానివాణ్ణి అంత ఘనంగా ఊరేగించడం నేనెక్కడా చూడలేదు.

ఇంటికెళ్ళాక మా అత్తగారు వక్క చీల్చి, ఆకుకి సున్నం రాసి, తన చేత్తో నాకందించింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అదే మొదటిసారి.

"ఆ ఆఖరిది" అంది. "వదిలేముందు మోచెయ్యి పక్కకి జరిపావు."

"మీరు చూశారా మెయ్?"

"ఇన్నేళ్ళుగా రోజూ నువ్వు తప్పుతుంటే చూస్తున్నదాన్ని. నువ్వెలా తప్పుతావో నాకు తెలీదా? నమలు."

మర్నాటి పొద్దున చూస్తే నా విల్లు తలుపు వెనక లేదు. గోడ మీద, లైసెన్సు పక్కన మేకుకి వేలాడుతోంది.

ఊళ్ళో ఇప్పటికీ ఆ సాయంత్రం కథ చెప్పుకుని నవ్వుతారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వుతాను. నా జన్మలో నేను అనుకున్న చోటికే సూటిగా వెళ్ళిన బాణం ఆ ఒక్కటే. అది మోపుకి జానెడు ఎడంగా పోయింది.