చెమట పట్టని డ్రైవరు

మే నెలలో తార్నాకలో బస్సు దిగాను. పటాలం వదిలాక అది నా కొత్త పోస్టు: యూనివర్సిటీ వెనుక గేటు, మాణికేశ్వర్ నగర్ వైపు. కాపలావాళ్ళం అందరం మాజీ సైనికులమే. డ్యూటీ ఉదయం ఆరు నుంచి రెండు దాకా. లాఠీ, ఈల, వాకీటాకీ, నీళ్ళ సీసా. నీడకు రేకు షెడ్డు. దాని కింద కన్నా బయటే నయం.

పదకొండుకల్లా మా చొక్కాలు తడిసి, ఆరి, వీపుల మీద ఉప్పు చారలు తేలేవి. నాతో జోడీగా కాపలా కాసేవాడి చొక్కా మాత్రం అప్పుడే ఇస్త్రీ చేసినట్టుండేది. సైన్యంలో ట్రక్కులు నడిపిన డ్రైవరు, మౌలాలి మనిషి. మేము ‘ఏసీ’ అనేవాళ్ళం.

"ఏసీ, జర మా దిక్కు గూడ తిప్పు," అనేవాడు వాకీటాకీలో మెయిన్ గేటు హవల్దారు.

"నీ దిక్కు తిప్పితే గ్యాసంత అయిపోతది సాబ్!" అని నవ్వి, గర్వంగా చేర్చేవాడు: "నా బిడ్డ గూడ గంతే. ఎండల ఎంత ఉరికినా సుక్క చెమట రాదు. నా పోలికే."

అరికాళ్ళు మండుతున్నాయని తడి గోనె మీద పెట్టుకునేవాడు. ఎండకు ఎవరికి మండవు?

ఒక మధ్యాహ్నం ప్రహరీ వెంట గస్తీకి వెళ్ళాడు. వాకీటాకీలో గొంతు వచ్చింది: "అన్నా, ఊపిరి ఆడుతలేదు." ఉరికాను. గోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. ముఖం కాలిపోతోంది. పొడిగా.

గుండె జబ్బంటే నాళాల్లో అడ్డు అనుకుంటారు మీరు. నేనూ అంతే. ఆసుపత్రిలో అడ్డేమీ లేదన్నారు. గుండె కండే మందమై బిగుసుకుపోయిందట. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు నాకు మతి పోయింది.

"మీకు చెమట పడుతుందా?"

రక్తపరీక్షల తర్వాత విడమరిచి చెప్పింది. పుట్టుకతోనే అతని ఒంట్లో ఒక ఎంజైము లేదు. అది కరిగించాల్సిన కొవ్వు ఏళ్ళ తరబడి పేరుకుంది. చెమట గ్రంథుల్లో, కాళ్ళ నరాల్లో, చివరికి గుండె కండలో. నేను అక్షరాలు పటాలంలో చేరాక నేర్చుకున్నవాణ్ణి, నాకే అర్థమైంది. వేసవంతా మేము నవ్వింది ఆ జబ్బును చూసే.

"నయమైతదా మేడమ్?" అన్నాడు.

"ఇంకా పేరుకోకుండా మందుంది. ముదిరిన గుండెను మాత్రం వెనక్కి తేలేం. ఆడపిల్లలున్నారా? ఈ లోపం తండ్రి నుంచి ఆడపిల్లలందరికీ వస్తుంది. ముందే పట్టుకుంటే గుండెను కాపాడొచ్చు."



సాయంత్రం అతని కూతురు ఆసుపత్రి మెట్లన్నీ ఉరుకుతూ ఎక్కి వచ్చింది. "నానా, నేనే ఫస్ట్! అమ్మ ఇంక కిందనే ఉన్నది."

వానలు మొదలయ్యాక ఆ ఉద్యోగం ముగించుకుని ఇంటికి వచ్చేశాను. సరిహద్దులో చాలా చూశాను. అవేవీ నా నిద్ర చెడగొట్టవు. ఇది చెడగొడుతుంది: ఆ సాయంత్రం రొప్పుతున్న బిడ్డ నుదుటి మీద అతను చేయి వేశాడు. మెడ వెనక తడిమాడు. చేయి తీసి, లైటు వెలుగులో అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

పొడిగా ఉంది.