పొద్దుపొడుపు వీధి చాటింపు

మీరుండే వీధికి ఆ పేరు ఎవరు పెట్టారు? ఎవరి మేలు కోరి పెట్టారు? ఈ ప్రశ్న మీరు ఎన్నడూ వేసుకోలేదంటే మీ వీధి పేరు మిమ్మల్ని ఎన్నడూ నొప్పించలేదన్నమాట. నొప్పించే పేర్లు కూడా ఉంటాయి. అలాంటి పేరు ఒకటి మారిన కథ ఇది. నా ఉద్యోగ జీవితంలో ఎన్నో ఫైళ్లు చూశాను కానీ ఇప్పటికీ కలలోకి వచ్చేది ఇదొక్కటే.

1958 చలికాలం. మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేటకు పోయే వైపున ఒక చిన్న పట్టణం. అక్కడి మున్సిపాలిటీలో నేను హెడ్ క్లర్కును. జనం పాత అలవాటుగా బల్దియా అనేవారు. ఊరి పేరు రాయను. అప్పటి సభ్యుల మనవలు ఇంకా అక్కడే ఉన్నారు, తాతల పనికి మనవలను నిలదీయడం న్యాయం కాదు.

ఆ చలికాలపు పొద్దుటి పూటలు నాకు ఇప్పటికీ సగం నిద్రలో చూసినట్టే ఉంటాయి. ఆముదపు చేల మీది నుంచి మంచు లేచి ఊళ్లోకి పాకేది. ఇళ్లు కనబడేవి కావు, కప్పులు మాత్రం గాలిలో తేలేవి. మంచు లోపలి నుంచి మగ్గాల చప్పుడు వచ్చేది. ఊరు ఊరంతా ఏదో పెద్ద కల కంటూ నిద్రలో గొణుగుతున్నట్టుండేది.

పాత పాలన నాటి పేర్లన్నీ తీసేయాలని ఆ ఏడాది మా కౌన్సిల్ తలపెట్టింది. ఎప్పుడో ఒక ఇంగ్రేజీ దొర డేరా వేసుకున్న చోటు దొరడేరా బజారు. నైజాం కాలపు తాలూక్‌దారు గుర్రం కట్టేసిన చోటు తాలూక్‌దారు గల్లీ. ఇకమీదట ఒకటి స్వరాజ్య బజారు, ఒకటి ప్రజావీధి, నడిమి కూడలి జయహింద్ చౌక్. నేను సంతోషించాను. నెత్తిన ఎక్కి కూర్చున్నవాళ్ల పేర్లు గోడల మీద నుంచైనా దిగాలని పత్రికల్లో వ్యాసాలు రాసినవాణ్ణి. అందుకే అజెండాలో, అంటే సభలో చర్చించే అంశాల పట్టీలో, చివర నేనొక అంశం చేర్చాను: ఊరికి తూర్పున ఉన్న మాదిగ గేరికి కూడా కొత్త పేరు పెట్టాలి. గేరి అంటే మా వైపు వాడ.

చైర్మన్ పాత దేశ్‌ముఖుల ఇంటి మనిషి. ఇంగ్రేజీ దొర పేరు చెరిపే సభను నడుపుతున్నాడు కానీ తనను మాత్రం అందరూ దొరా అనే పిలవాలి. ఆ అంశం దగ్గరికి వచ్చేసరికి కళ్లద్దాలు తీసి నవ్వాడు.

"మనం తీస్తున్నయి సర్కారు పెట్టిన పేర్లు సారూ. గిది సర్కారు పెట్టిందా? దేవుడు పెట్టిన పేరు."

"దేవుడు ఏ మీటింగుల పెట్టిండు దొరా? మినిట్స్ చూపిస్తే నేను గూడ సంతకం పెడ్త," అన్నాను. మినిట్స్ అంటే సభలో జరిగినదంతా రాసిపెట్టే పుస్తకం.

సభ్యులు పకపకా నవ్వారు. నవ్వుతూనే ఆ అంశం కొట్టేశారు. మన దేశంలో చాలా అన్యాయాలు ఇలాగే జరుగుతాయి, పళ్లు కొరుకుతూ కాదు, నవ్వుతూ.

తీర్మానం అయిందంటే పేరు మారినట్టు కాదు. మా ఊళ్లో డప్పు కొట్టి చాటితేనే మాటకు ప్రాణం. బోర్డు చదవగలిగినవాళ్లు తక్కువ. చెవులు అందరికీ ఉన్నాయి. చాటింపు పని బాలప్పది. వాళ్ల నాయినది, తాతది కూడా అదే పని. మాదిగ గేరిలో ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, జొన్న దంటులా ఉండేవాడు. 'బాంచెన్', అంటే నీ బానిసను, అనే మాట నా దగ్గర అనొద్దని చెప్పాను. అది అతని నోటిదాకా వచ్చి, నన్ను చూసి, వెనక్కి పోయేది.

ఆ సాయంత్రం ఆఫీసు వెనక గడ్డిమంట వేసి డప్పు కాస్తున్నాడు. చలికి తోలు మెత్తబడితే మోగదు. నేను పాత పేరు, కొత్త పేరు చదువుతుంటే ఒక్కసారి విని అప్పజెప్పాడు. అన్నీ అయ్యాక మంట వైపే చూస్తూ అడిగాడు.

"మా గేరిది లేదా సారూ?"

"పెట్టిన. కొట్టేసిన్రు."

డప్పును మంట మీద ఇంకోసారి తిప్పాడు. తర్వాత బిడ్డ సంగతి చెప్పాడు. చంద్రమ్మ కాన్పులు చేసే దాయి పని నేర్చుకుంది. మహబూబ్‌నగర్ దవాఖానలో కొలువు దొరికింది. దొరకనిది ఇల్లు.

"ఏ ఇంటికి పోయినా ముందు ఏ ఊరంటరు. చెప్తది. ఊర్ల ఏ గేరి అంటరు. గంతే, తలుపు మూస్తరు. నాలుగిండ్లల్ల గట్లనే అయింది. ఎరికైన ముసలామె అరుగు మీద పండుకుంటాంది, గీ చలిల. ఇట్లనే అయితె కొలువు ఇడిసిపెట్టి వస్తనంటాంది."

"వేరే ఏదన్న పేరు చెప్పమనరాదా?"

"చెప్పిన సారూ. 'నాయినా, అబద్ధం మీద తల పెట్టి పండుకుంటె నిద్రొస్తదా?' అన్నది. గది మొండిది. అచ్చం వాళ్లమ్మే."

నాకు ఆ మాట అప్పుడు పూర్తిగా అందలేదు. ఆ పిల్లకు కావలసింది దాచుకునే చోటు కాదు. నిజం చెప్పినా తలుపు మూసుకోని ఒక పేరు.

మర్నాడు పొద్దుపొడవక ముందే బయల్దేరాం. చాటింపు ఎక్కడెక్కడ పడిందో రిపోర్టు రాయడానికి క్లర్కు వెంట నడవాలి. మంచులో ముందు బాలప్ప కనబడడు, డప్పు మాత్రం వినబడుతుంది. నేను ఆ చప్పుడు పట్టుకొని నడుస్తున్నాను. ఒక కూడలిలో ఆగి, "ఇనుండ్రి అయ్యలారా, అమ్మలారా! గీ పొద్దు నుంచి దొరడేరా బజారు లేదు! గిది స్వరాజ్య బజారు!" అనేవాడు. మగ్గాలు ఆగేవి. ఒక్క గడియ ఊరు ఊపిరి బిగబట్టినట్టు ఉండేది. మళ్లీ మగ్గాలు ఆడేవి. నడుస్తుంటే నా వెనక పాత ఊరు మంచులో కరిగిపోతున్నదనీ, ముందు ఇంకా ఎవరూ కాపురం పెట్టని ఊరు ఒకటి మొలుస్తున్నదనీ అనిపించింది. మహిమలను నమ్మేవాణ్ణి కాను. కానీ మనిషి నోటి మాటకు ఊరు కదలడం ఆ పొద్దు చూశాను.

ఒక ముసలమ్మ గడపలోంచి తల బయట పెట్టింది. "బాలప్పా, పేరు మారిస్తె నల్లల నీళ్లొస్తయారా?"

"నీళ్ల సంగతి ఎనుకొస్తున్న సారును అడుగు అవ్వా. నాది డప్పే!"

నేను తల వంచుకొని నడిచాను.

అన్ని వీధులూ అయ్యాయి. తూర్పు కొసకు వచ్చాం. అక్కడ చాటవలసింది ఏమీ లేదు, ఉన్నది బాలప్ప ఇల్లు. గేరి మొదట్లో నిలబడి బాలప్ప ఒళ్లంతా ఊగేలా డప్పు కొట్టాడు. గుడిసెల్లోంచి జనం వచ్చారు.

"ఇనుండ్రి! గీ పొద్దు నుంచి మాదిగ గేరి లేదు! గిది పొద్దుపొడుపు వీధి! మన గాలి తమకు తగులొద్దని మనల్ని ఊరికి తూర్పున పెట్టిన్రు. గాని సూర్యుడు ముందుగాల వచ్చేది మన తాననే! ఊరందరు ఇనుండ్రి!"

అప్పుడే మంచు చీలి ఎర్రటి వెలుగు ఆ మట్టిగోడల మీద పడింది. నేను దాన్ని శకునం అనను, సూర్యుడు రోజూ ఆ పనే చేస్తాడు.

బాలప్ప నా వైపు తిరిగాడు. "రాస్తవా సారూ?"

"చాటింది రాసుడే నా కొలువు," అన్నాను. రాశాను.

సాయంత్రానికి అత్యవసర సభ. చైర్మన్ ముఖం కందగడ్డలా ఉంది. బాలప్పను గడప అవతలే నిలబెట్టారు.

"ఎవర్ని అడిగి చాటినవ్‌రా?"

"అడిగితె ఇయ్యలేదు గద దొరా."

"రేపు పొద్దుగాల రద్దయిందని మళ్ల చాటు."

"చాటిన మాట ఎట్ల ఎనుకకు తీసుకుంట? కొట్టిన దెబ్బ డప్పులకు తిరిగి పోతదా? నా చెయ్యి లేవదు దొరా."

"నీ చెయ్యి లేవకుంటె ఇంకొకని చెయ్యి లేస్తది! నీ గేరిల ఇంకెవడు లేడా?"

గేరికి మనిషిని పంపి అడిగించారు, అక్కడ ఎవరి చెయ్యీ లేవలేదు. పక్క ఊరి డప్పు పిలిపిద్దామన్నాడు ఒక సభ్యుడు. "వాళ్లంత బాలప్ప బామ్మర్దులు, వియ్యంకులే," అన్నాడు ఇంకొకాయన. గుడి గంట కొట్టిద్దామన్నాడు మరొకడు. "గంట కొడ్తె ప్రసాదానికొస్తరు, చాటింపుకు కాదు," అని పక్కవాడు నోరు మూయించాడు. చైర్మన్ చూపు అటెండర్ మీద పడింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "గా తోలు ముడితె మా అమ్మ ఇంట్లకు రానియ్యది దొరా!"

నాకు లోపల నవ్వు పొంగుతున్నది. తరతరాలుగా డప్పు అంటు అన్నారు. దాన్ని ఒక్క గేరికే కట్టేశారు. ఇప్పుడు ఆ గేరి డప్పు కింద పెట్టగానే ఊరికి గొంతు లేదు. కట్టిన తాడు కట్టినవాడి మెడకే చుట్టుకుంది.

చివరికి చైర్మన్ నా వైపు చూశాడు. "నీకు అంటుముట్టు లేదంటవు గద. నువ్వు కొట్టు సారూ."

"కొడ్త దొరా. గాని చాటింపంటె కారణం గూడ చెప్పాలె. అందరి వీధులకు మంచి పేరు కావాలె, గీ ఒక్కదానికి ఎందుకొద్దో మీరు చెప్పుండ్రి. చౌరస్తా చౌరస్తాల నిలవడి మీ పేరు మీద చాటుత."

చైర్మన్ కళ్లద్దాలు తుడుచుకొని సభ ముగించాడు. కారణం చెప్పమంటే నోరు పెగలని ఆచారం ఏదైనా సరే, అది ఆచారం కాదు, జులుం.

ఆ తర్వాత డప్పు మోగలేదు. పశువుల సంత చాటలేదు, బేరగాళ్లు రాలేదు. టీకాలవాళ్లు వచ్చి చెట్టుకింద ఖాళీగా కూర్చొని పోయారు. సభ్యులే ఒకరినొకరు గొణుక్కున్నారు. తర్వాతి సభలో చైర్మన్ నా ముఖం చూడకుండా, "గా పేరు గూడ పెట్టేయ్," అన్నాడు. దాన్ని ర్యాటిఫికేషన్ అంటాం. ముందే జరిగిపోయినదానికి తర్వాత ముద్ర వేయడం. చరిత్రలో మంచి పనులు ఎక్కువగా అలాగే జరిగాయని నా నమ్మకం. చేసేవాడు చేస్తాడు, ముద్ర తర్వాత వస్తుంది.

ఆ ఎండాకాలం పనిమీద మహబూబ్‌నగర్ పోయినప్పుడు దవాఖాన ముందు చంద్రమ్మ కనబడింది. తెల్ల చీర, భుజాన సంచి, అచ్చం తండ్రి నడకే.

"గది దొరికిందా బిడ్డా?"

"దొరికింది సారూ. ఇల్లుగలామె ఏ గేరి అని అడిగింది. పొద్దుపొడుపు వీధి అన్న. నిజమే గద. పేరు మంచిగున్నదే అని తాళం తీసింది."

"తర్వాత తెలిసిందా?"

"నేనే చెప్పిన. ఆమె కోడలికి నేనే కాన్పు చేసిన. పిల్ల మొగంల మొగం పెట్టి నవ్వుతాంటె, అమ్మా, గీ సంగతి గట్ల అని చెప్పిన."

"ఏమన్నది?"

"నా నీళ్ల కుండ వేరే పెట్టింది. పొమ్మన్లేదు." సంచి సర్దుకుంటూ నవ్వింది. "నా కుండ నాకే చల్లగున్నది సారూ. ముందుగాల నన్ను చూసింది. కులం ఎనుక వరుసల నిలవడ్డది. ఇంక దాన్ని బయటికి ఎల్లగొట్టుడే."

ఎండలో ఆమె వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. తెల్లచీర వేడిగాలిలో అలలా ఊగి చివరికి వెలుగులో కలిసిపోయింది.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. దొర పేరు చెరిపితే స్వరాజ్యం రాదు. బోర్డు మార్చడం సులువు, దానికి రంగు చాలు. మనిషిని మనిషి అడిగే ఆ మొదటి ప్రశ్న ఉంది చూశారా, దాన్ని మార్చడానికి ఏ కౌన్సిలూ తీర్మానం చేయలేదు. అది మీ గడప మీద, మీ నోట్లో ఉంది.

కనుక ఇది చదివి నిట్టూర్చి పక్కన పెట్టకండి. రేపు మీ గుమ్మం ముందు కిరాయి గది కోసం ఎవరో కొత్త మనిషి నిలబడతారు. ఏ ఊరు, ఏ వాడ అని అడగకండి. నాలుక చివరికి వచ్చినా మింగేయండి. తలుపు తీసి తాళంచెవి చేతిలో పెట్టండి. మీ కుండలోంచే మంచినీళ్లు ముంచి ఇవ్వండి.