కమాను విరగలేదు

మేస్త్రి పోయాడన్న మాట నాకు ధర్మవరంలో తెలిసింది. ఒక నేతగాళ్ళ ఇంటి ముందు పట్టునూలు మూటలు దించుతున్నాను. హిందూపురం నుంచి వచ్చిన బస్సు కండక్టరు నన్ను చూసి ఆగి, "మీ మేస్త్రి తెల్లారుజామున పాయెనంటప్పా" అని చెప్పి తన దారిన తను పోయాడు. మిగిలిన మూటలు ఎట్లా దించానో నాకు గుర్తు లేదు.

హిందూపురంలో పెనుకొండ దారి మీద ఆయన కొట్టం ఉండేది. మొదట ఎద్దుల బండ్ల చక్రాలకు పట్టాలు వేసేవాడు. మోటార్లు వచ్చాక వాటి కిందికి దూరాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నాది పాత కారు వెనక భాగం కోయించి పలకలు బిగించిన చిన్న లారీ. రొద్దం నుంచి వేరుశనగ మూటలు, హిందూపురం నుంచి చింతపండు, ఏది దొరికితే అది మోసేవాణ్ణి. బరువుకు వెనక కుంగిపోయి ముందు పైకి లేచేది. మేస్త్రి దాన్ని దూరం నుంచే చూసి, "వస్తాండాదప్పా, ఆకాశం చూసుకుంటా మన కప్ప" అనేవాడు.

పలకరింపు అంతవరకే. తర్వాత అన్నీ తిట్లే. బరువు ఎక్కువ వేసినందుకు తిట్టేవాడు, గుంత చూసి తోలనందుకు తిట్టేవాడు, తిట్టీ తిట్టీ అలిసిపోయి లోపలికి కేకేసి నాకు మజ్జిగ తెప్పించేవాడు. "ఎద్దు కుంటితే నలుగురికీ కనపడతాది. బండి కుంటితే తోలేవానికే తెలియల్ల" అనేది ఆయన మాట.

యుద్ధం రోజుల్లో కొత్త సామాను అనేది కంటికి కనపడలేదు. లారీని బొగ్గు గ్యాసుతో నడుపుతున్నాం. వెనక ఇరుసు మీద బరువు మోసే ఇనప పట్టీల కట్టలు, కమాన్లు, రెండూ అరిగిపోయాయి, వాటి చివర్లలో ఉండే బుష్షులైతే చిల్లులు పడి గలగలలాడుతున్నాయి. మేస్త్రి ఇరుసు కింద చింతమొద్దులు పెట్టి కమాను కట్టలు విప్పాడు. పట్టీలన్నీ వరసగా నేల మీద పరిచి ఒక్కొక్కదాన్నే సుత్తితో తట్టి విన్నాడు. ఆయన వినేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. పగుళ్ళున్నవి పక్కన పడేసి, పాత లారీ కమాన్ల నుంచి కొత్తవి కొట్టి, కాల్చి, వేరుశనగ నూనెలో ముంచాడు. బుష్షులకు కంచు దొరకలేదు. ఆయన భార్య లోపలికి పోయి తన పుట్టింటివాళ్ళు పెట్టిన కంచు తళిగ తెచ్చి ఇచ్చింది. నేను వద్దన్నాను. "ఆకులో తింటే అన్నం దిగదా?" అన్నదామె.

అంతా బిగించాక మేస్త్రి ఒకటే చెప్పాడు. "కొత్త కమాను బరువు పడితే కూచుంటాది. కూచున్నాక నట్లు వదులైతాయి. నాలుగు దినాలకు యూ బోల్టులు మళ్ళా బిగించల్ల. మరిచిపోవద్దు." కమానును ఇరుసుకు పట్టి ఉంచేవి ఆ బోల్టులే. నేను మరిచిపోలేదు. రొద్దంలో మూటలు సిద్ధంగా ఉన్నాయి, తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

వారం తర్వాత ఆయనకు ధర్మవరంలో పని పడి నా లారీ ఎక్కాడు. ముందు కూర్చోమంటే కూర్చోలేదు. తను చేసిన కమానును వెనక కూర్చుని వెన్నుపూసతో చూసుకోవడం ఆయన అలవాటు. ఎక్కబోతూ అడిగాడు.

"నట్లు బిగించినావా?"

"బిగించినా మేస్త్రీ."

పెనుకొండ దాటాక ఏటవాలులో ఇరుసు పక్కకు జారింది. లారీ అడ్డం తిరిగి కాలువలోకి ఒరిగింది. నాకు గీత కూడా పడలేదు. మేస్త్రి పలకల మీద నుంచి విసురుగా పడి కుడిచెయ్యి మోచెయ్యి దగ్గర విరిగింది. ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దేకుతూ లారీ దగ్గరకు వచ్చి, ఎడమచేతి వేళ్ళతో నట్టు తిప్పాడు. పానా అక్కరలేకుండానే తిరిగింది. ఒకసారి నా మొహం చూశాడు.

జనం చేరారు. పోలీసు జవాను వచ్చాడు. ఏమైందని నన్నడిగాడు. మేస్త్రే చెప్పాడు. "ఆయప్ప తప్పేం లేదు. నేను కట్టిన కమానే విరిగింది." జవాను వంగి చూడలేదు.

నాకు లైసెన్సు మిగిలింది. ఆయనకు సుత్తి పట్టే చెయ్యి వంకరగా అతుక్కుంది. చెయ్యి పోతే పని చెప్పి చేయించుకునేవాడే, కానీ మేస్త్రి కమాను విరిగిందట అన్న మాట ఊళ్ళు తిరిగింది. లారీలవాళ్ళు వేరే కొట్టాలకు పోయారు. ఆయన ఎడమచేత్తో కొడవళ్ళకు పదును పెట్టుకుంటూ బతికాడు. నేను పోయినప్పుడల్లా నన్ను ఏమీ అనేవాడు కాదు. లారీ కిందికి దూరి నట్లు తడిమి వచ్చేవాడు. అప్పుడు తిట్టి ఉంటే బాగుండేది. ఏడేండ్లు నిజం నాలోనే పెట్టుకుని తిరిగాను. నేను పిరికివాణ్ణి.

ఆయన పోయిన రోజు నేను ధర్మవరం నుంచి వచ్చేసరికి ఆయన ఇంటి ముందు లారీలవాళ్ళు చాలామందే ఉన్నారు. "చెయ్యి మంచిదే, ఆ ఒక్క కమానే చెడ్డపేరు తెచ్చె" అన్నాడొకడు. నేను లేచి నిలబడి చెప్పాను, కమాను విరగలేదని, నట్లు బిగించకుండా బిగించానని అబద్ధం చెప్పింది నేనేనని. ఒక పెద్ద డ్రైవరు నా వీపు నిమిరాడు. "పోయినోని పేరు నిలబెట్టల్లని తప్పు నీ మీద యేసుకుంటాండావు. మంచోడివప్పా." మిగిలినవాళ్ళూ తలలాడించారు. ఎంత చెప్పినా నా మాట మంచితనం కిందే జమ అయింది.

గడపలో కూర్చున్న ఆయన భార్య మాత్రం తలెత్తింది. "ఆయప్ప ఉన్నప్పుడు చెప్పల్ల కదా నాయనా" అన్నది.

పాడె మీద పడుకోబెట్టి చేతులు రెండూ గుండెల మీద చేర్చబోయారు. ఎడమచెయ్యి చేరింది. కుడిది వంగలేదు. తువ్వాలుతో కట్టారు. నేను కుడిపక్క భుజం పట్టాను. వీధి మలుపు తిరగకముందే ముడి జారింది. ఆ వంకరచెయ్యి పాడె బయటికి వాలి, నా చెవి పక్కన, శ్మశానం దాకా అడుగడుక్కీ ఊగుతూనే ఉంది.