పుస్తకాల గది తాళం

కల్లూరులో పర్వీన్ నెట్ సెంటరుకు బోర్డు లేదు. ఒక గాలివానకు పడిపోతే మళ్ళీ పెట్టించలేదు. "పెద్ద నోరు పర్వీన్ అంగడి" అంటే చాలు, షేర్ ఆటోవాళ్ళు నేరుగా గుమ్మం ముందు దింపుతారు. ఆ పేరు ఆమెకూ తెలుసు. తన నోరే పెద్దది కాకపోతే కాలేజీ అప్లికేషన్లకు తన దగ్గరికొచ్చే పిల్లల్ని ఎప్పుడో నమిలి మింగేసేవాళ్ళని ఆమె అంటుంది.

మింగేవాళ్ళంటే మరెవరో కాదు, ఎండాకాలంలో ఊళ్ళ మీద పడే ఇంజినీరింగ్ కాలేజీల అడ్మిషన్ సార్లు. ఏడాదంతా పాఠాలు చెప్పిన లెక్చరర్లే పరీక్షలు అయిపోగానే మోటార్ సైకిళ్ళెక్కి పిల్లల కోసం ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంతమందిని తేకపోతే ఉద్యోగం లేదని యాజమాన్యం ముందే చెప్పేస్తుంది. వాళ్ళ కష్టం వాళ్ళది, ఒప్పుకుందాం. ఆ కష్టాన్ని తెచ్చి పద్దెనిమిదేళ్ళ పిల్లల నెత్తిన రుద్దడమేమిటని పర్వీన్‌కు ఒళ్ళు మంట.

ఆ మంట ఊరికే పుట్టలేదు. వాళ్ళ నాన్న ఖాసిం సాహెబ్ పరుపులు కుట్టేవాడు, నోట్లో నాలుక లేని మనిషి. పదహారేళ్ళ కిందట సమీవుల్లా అనే లెక్చరర్ వాళ్ళింటికొచ్చి, చాప మీద కూర్చుని, చాయ్ తాగి, "సాహెబ్ గారూ, మీ బిడ్డ బాధ్యత నాది" అన్నాడు. అప్పటిదాకా ఖాసిం సాహెబ్‌ను గారూ అన్నవాళ్ళు లేరు. ఆ ఒక్క మాటకు పొంగిపోయి, కూతురు ఇంట్లో లేని సమయాన, ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ సంచీతో సహా ఆయన చేతికిచ్చేశాడు. పర్వీన్‌కు వచ్చిన ర్యాంకుకు కర్నూల్లోనే సర్కారు సీటు దొరికేది. సర్టిఫికెట్లు లేకుండా కౌన్సెలింగులో ఎవరు కూర్చోనిస్తారు? సారు చెప్పిన కాలేజీలోనే చేరింది.

హైవే పక్కన బండరాళ్ళ మధ్య కట్టిన కాలేజీ అది. ల్యాబులో కంప్యూటర్ల మీద కప్పిన గుడ్డలు తనిఖీ రోజున తప్ప తీసేవాళ్ళు కాదు. పుస్తకాల గదికి ఎప్పుడూ తాళం. ఆ తాళంచెవి అటెండరు కంబన్న మొలతాడుకు వేలాడుతూ ఉండేది. ఆయన మధ్యాహ్నం ఆ గది గడపలోనే, తల కింద ఇటుక పెట్టుకుని పడుకునేవాడు. మొదటి ఏడాది సగం గడిచాక పర్వీన్ నాన్న చేత బూరుగు దూదితో ఒక దిండు కుట్టించి తెచ్చి కంబన్నకిచ్చింది. ఆయన తలుపు తీశాడు. ఆనాటి నుంచి రోజూ భోజనం బెల్లు నుంచి మరో బెల్లు దాకా ఆ గది ఆమెది. కంబన్న దిండు మీద గురక పెడుతుంటే లోపల దుమ్ము దులుపుకుంటూ చదివింది. ఆ నాలుగేళ్ళలో ఆమె నేర్చుకున్నదంతా అక్కడ నేర్చుకున్నదే.

అందుకే తన దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఒకటే చెప్తుంది. "బిల్డింగు జూసి మురిసిపోవద్దు. లైబ్రరీ తాళం ఎవరి దగ్గరుంటాదో ముందు కనుక్కో." ఆ తర్వాత మంచి ర్యాంకు వచ్చిన వాళ్ళందరికీ కర్నూలు సర్కారు కాలేజీనే మొదటి ఆప్షనుగా కొడుతుంది. తనకు దక్కని సీటును ఏటా నలుగురైదుగురికి సంపాదించిపెట్టి, ఎవరి మీదో కసి తీర్చుకున్నట్టు సంబరపడుతుంది.

మొన్న జులైలో ఆప్షన్లు పెట్టుకునే ఆఖరి రోజున ఓర్వకల్లు దగ్గరి పల్లె నుంచి పుల్లయ్య అనే ఆయన తన కూతురు తనూజను వెంటబెట్టుకుని వచ్చాడు. బండలు కొట్టే మనిషి, అరచేతులు బండల్లాగే ఉన్నాయి. పిల్లకు మంచి ర్యాంకే వచ్చింది. పర్వీన్ అలవాటు ప్రకారం లైబ్రరీ తాళం మాట చెప్తూనే హాల్‌టికెట్ నంబరు కొట్టింది. రిజిస్టరైన ఫోనుకు ఓటీపీ పంపామని, అది కొడితేనే లోపలికి రానిస్తామని కంప్యూటరు చెప్పింది.

"ఫోను తీయన్నా" అంది పర్వీన్.

"నా ఫోన్ల రీచార్జి లేదమ్మా. ఆ నంబరు సారుది. మా ఊరికొచ్చి అప్లికేషన్ ఫ్రీగా నింపిచ్చినాడు. నీకు ఫోను సరిగా లేదు గదప్పా, నాది ఏస్తాలే అన్న్యాడు. శానా మంచోడు."

"ఆ మంచోడి పేరేంది?"

"సమీవుల్లా సారు."

పర్వీన్ పళ్ళు పటపటా కొరికింది. అప్పుడు సంచీతో పట్టుకుపోయినవాడు ఇప్పుడు నంబరుతో పట్టుకున్నాడు. ఆ నంబరుకొచ్చిన ఓటీపీతో ఆయన తన కాలేజీ ఒక్కటే పెట్టి ముగించేస్తే ఈ పిల్లకు నాలుగేళ్ళూ ఆ బండరాళ్ళే గతి. వెంటనే ఫోను కొట్టింది.

"సార్, తనూజ ఓటీపీ చెప్పండి."

"ఆ పిల్ల మా దాంట్లో చేరతాది పర్వీన్. వాళ్ళ నాయన మాటిచ్చినాడు. నీ పని నువ్వు జూస్కో."

"ఇదే నా పని. మా నాయనకు చెవిలో పువ్వు పెట్టినట్ల ఈయప్పకు గూడా పెడ్తాండారా? సిగ్గుండాదా మీకు?"

"ఇంక ఇద్దరు తక్కువుండారు నాకు. యాభై దాటినోణ్ని, వాళ్ళు తీసేస్తే యాడికి పోవల్ల? సాయంత్రం నేనే కూచోని ఆ పిల్లకు ఆప్షన్లు పెడ్తా." ఫోను పెట్టేశాడు.

పర్వీన్ కాసేపు ఆ ఫోనును చూస్తూ నానా తిట్లూ తిట్టింది. ఇక మిగిలింది ఒకటే దారి. కర్నూలులో సర్కారువాళ్ళు పెట్టిన హెల్ప్‌లైన్ సెంటరుకు పిల్ల స్వయంగా వెళ్తే నంబరు మారుస్తారు. ఐదు గంటలకు మూసేస్తారు. అప్పటికే మూడున్నర. అంగడి నిండా జనం. "అందరూ రేప్పొద్దున రాండి. ఆప్షన్లోళ్ళు పక్కసందులో ఫారూఖ్ నెట్ సెంటరుకు పోండి" అని షట్టరు లాగేసింది. వెనుక ఎవరో పొగరని గొణిగారు. అవును, పొగరే అని వెనక్కి తిరక్కుండానే బదులిచ్చి ఆటో ఎక్కింది.

ఆటోలో పుల్లయ్య నీళ్ళు నములుతూ, సారుకు మాటిచ్చినా గదమ్మా అన్నాడు. నీ మాట నువ్వు నిలబెట్టుకోవడానికి పిల్ల బతుకు ఎందుకు ఇస్తావని పర్వీన్ దారి పొడుగునా ఆయనకు గడ్డిపెట్టింది. తనూజ వాళ్ళిద్దరి మధ్య నలిగిపోతూ, ఒళ్ళోని ఫైలు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల వైపు ఇద్దరూ చూడలేదు.

సెంటరులో వరుస కదిలి కౌంటరు దగ్గరికి చేరేసరికి నాలుగున్నర దాటింది. లోపలి ఉద్యోగి హాల్‌టికెట్టూ ఆధారూ చూసి, కొత్త నంబరు రాయమని ఫారం తోశాడు. పర్వీన్ పెన్ను తీసుకుని గబగబా తన నంబరు మొదలుపెట్టింది. మూడంకెలు రాసిందో లేదో తనూజ ఫారం మీద అరచెయ్యి పెట్టింది.

"నీది గూడా వద్దక్కా. నాది ఉండాది."

"నీకు ఫోను యాడిదే?" అన్నాడు పుల్లయ్య.

తనూజ ఫైల్లోంచి ఒక చిన్న బటన్ల ఫోను తీసింది. "మన అవ్వది నాయనా. దినామూ నా దగ్గరే ఉంటాది. నీకు కానరాల్యా."

"ఉంటే అప్పుడే ఆ సారుకు చెప్పొచ్చు గదా పిల్లా. ఇంత తిప్పలెందుకు?" పర్వీన్ గొంతు పెంచింది.

"సారు నన్నడగల్యా. మా నాయననడిగినాడు." తనూజ ఫోను కౌంటరు మీద పెట్టింది. "నువ్వు గూడా అడగల్యాక్కా."

పర్వీన్ తాను రాసిన మూడంకెలు కొట్టేసి ఫారం పిల్ల వైపు జరిపింది.

నంబరు మారింది. ఓటీపీ బటన్ల ఫోనుకే వచ్చింది. తనూజ అక్కడే ఖాళీగా ఉన్న కంప్యూటరు ముందు కూర్చుంది. పర్వీన్ కర్నూలు కాలేజీ కోడు రాసిన చీటీ పట్టుకుని వెనక నిలబడితే, "కొంచేపు బయట కూచోక్కా" అంది. పర్వీన్‌కు చెప్పలేనంత ఉక్రోషం వచ్చింది. అంగడి మూసి, జనం చేత మాటలు పడి, ఆటోలో ఎగిరెగిరి పడుతూ వచ్చింది ఎవరి కోసం? వసారాలో చతికిలబడి ఆ చీటీని నాలుగు ముక్కలు చేసింది.

ఇరవై నిమిషాలకు తనూజ ప్రింటు కాగితంతో బయటికొచ్చింది. పర్వీన్ లాక్కుని చూసింది. మొదటిది కర్నూలు కాదు. కడప వైపు ఉన్న ఒక సర్కారు కాలేజీ. కర్నూలు రెండోది.

"కర్నూలైతే ఇంటికాడినుంచి పోయొస్తావు. సాయంత్రాలు నా అంగట్లో కంప్యూటర్ గూడా ఇస్తునే. అంత దూరం యాల?"

"ఈడైతే పొయ్యి కాడికే రావల్ల సాయంత్రం. చదవనీరు. మా ఊరి ఈరన్న కూతురు ఆడ చదువుతాంది, ఫోన్ చేసినా. హాస్టల్ ఉండాదంట. లైబ్రరీ తాళం ఎవరి దగ్గరుంటాదని అడిగినా."

"ఏమన్నిందా పిల్ల?"

"నవ్వింది. రాత్రి పది దాకా తాళమేయరంట."

పర్వీన్ ఆ కాగితం మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ చూసింది. కంబన్న నిద్ర లేచేలోపు పేజీలు తిప్పేయాలని పడిన తొందరంతా ఒక్కసారి గుర్తొచ్చింది. ఈ పిల్ల మీద అసూయ కలిగింది. ఆ తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని ఎవరికీ చూపించడం ఇష్టంలేక, ఎండ ఎక్కువగా ఉందని గొణిగింది.

అప్పుడే ఫోను మోగింది. నంబరు మారినట్టు సమీవుల్లాకు మెసేజ్ పోయినట్టుంది. "నా పిల్లను ఎగరేసుకపోయినావు గదా" అని అరుస్తున్నాడు. పర్వీన్‌కు నోటిదాకా వచ్చిన తిట్లు చాలానే ఉన్నాయి. పదహారేళ్ళుగా దాచుకున్నవి. అవేవీ అనలేదు.

"మీ పిల్లా గాదు, నా పిల్లా గాదు సార్. అడగాల్సింది ఆ పిల్లను. ఫోను ఇస్తాండా, అడగండి."

ఫోను తనూజ చేతిలో పెట్టింది. "చెప్పండి సార్" అంది తనూజ.